దిగబోతూ కూలిన రెండు 737లు: కొలరాడో స్ప్రింగ్స్, పిట్స్‌బర్గ్ ప్రమాదాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ దేని గురించి?

1991 మార్చి 3న అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో దిగబోతూ యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 585 కూలిపోయింది. అందులో ఉన్న 25 మందీ చనిపోయారు. 21 నెలలు దర్యాప్తు చేసిన తర్వాత కూడా కారణం తేల్చలేకపోయామని అక్కడి జాతీయ రవాణా భద్రతా బోర్డు, అంటే ఎన్‌టీఎస్‌బీ, రాసింది. మూడున్నరేళ్లు గడిచాయి. 1994 సెప్టెంబర్ 8న పిట్స్‌బర్గ్ దగ్గర యూఎస్‌ఎయిర్ 427 దాదాపు అదే తీరులో పడిపోయింది. 132 మందిలో ఒక్కరూ మిగల్లేదు. రెండూ బోయింగ్ 737లే, రెండూ దిగడానికి వస్తూ పడినవే.

ఈ రెండింటి చిక్కుముడి విప్పడానికి 1999 దాకా పట్టింది. అదంతా ఇప్పుడెందుకంటే, మన దగ్గర విమానం కూలిన వార్త వచ్చిన గంటల్లోనే ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పేస్తున్నారు. చనిపోయిన పైలట్ల మీద నింద పడిపోతోంది. 2025 జూన్‌లో అహ్మదాబాద్ ప్రమాదం అప్పుడూ అదే చూశాం. కారణం తెలియనప్పుడు తెలియదని రాసి, అక్కడితో వదిలేయకుండా వెతికితే ఏం దొరుకుతుందో ఈ రెండు ప్రమాదాలు చూపిస్తాయి.

585కి ఆ రోజు ఏం జరిగింది?

ఆదివారం ఉదయం. ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో బయల్దేరి, మొలీన్, డెన్వర్ మీదుగా కొలరాడో స్ప్రింగ్స్ చేరాల్సిన విమానం. 20 మంది ప్రయాణికులు, ఇద్దరు పైలట్లు, ముగ్గురు క్యాబిన్ సిబ్బంది. ఆకాశం బాగానే ఉంది కానీ గాలి ఉదృతంగా, ఒకసారి ఎక్కువగా ఒకసారి తక్కువగా వీస్తోంది.

ఉదయం 9:44 ప్రాంతంలో, నేలకి దాదాపు వెయ్యి అడుగుల ఎత్తులో రన్‌వే వైపు మలుపు పూర్తవుతుండగా విమానం ఉన్నట్టుండి కుడి పక్కకి ఒరిగింది. ఒరగడం ఆగలేదు. ముక్కు కిందికి తిరిగింది. కెప్టెన్ ఫ్లాప్‌లు (రెక్కల వెనకంచున దించే పలకలు) 15కి తెమ్మన్నారు, అంటే దిగడం మానుకుని మళ్లీ పైకి వెళ్లిపోదామని. అంత వ్యవధి లేదు. పది సెకన్లలోపే విమానం దాదాపు నిట్టనిలువుగా వైడ్‌ఫీల్డ్ పార్కులో నేలని తాకింది. సుమారు 39 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు, 15 అడుగుల లోతు గొయ్యి పడింది. విమానంలో ఎక్కువ భాగం ఆ గొయ్యిలోనే ఉంది. పక్కనే అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. నేల మీద ఒక చిన్నారికి స్వల్పంగా దెబ్బ తగలడం తప్ప ఇంకెవరికీ ఏమీ కాలేదు.

బ్లాక్ బాక్స్ దొరికింది కదా, మరి కారణం ఎందుకు తేలలేదు?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. బ్లాక్ బాక్స్ దొరికితే కథంతా తెలిసిపోతుందని మనకో నమ్మకం. కానీ పెట్టె తనకి ఏం రికార్డు చేయమని చెప్పారో అదే చేస్తుంది.

585లోని డేటా రికార్డర్ నమోదు చేసింది మొత్తం అయిదే అంశాలు: ఎత్తు, వేగం, విమానం ముక్కు ఏ దిక్కున ఉంది, పైకీ కిందికీ ఎంత కుదుపు, పైలట్ రేడియో బటన్ నొక్కాడా లేదా. అంతే. విమానం ఎంత కోణంలో ఒరిగిందో అందులో లేదు. స్టీరింగ్ ఎటు తిప్పారో లేదు. పెడల్ ఎవరు తొక్కారో లేదు. తోకమీది రడ్డర్, అంటే పడవ చుక్కానిలా తిరిగే పలక, ఏ పక్కకి తిరిగిందో లేదు. దర్యాప్తుకి కావాల్సినవి సరిగ్గా అవే.

ఒరిగిన కోణాన్ని కూడా మిగతా అంకెల నుంచి లెక్కగట్టి ఊహించాల్సి వచ్చింది. ఇక వాయిస్ రికార్డర్‌లో చివరి క్షణాల్లో పైలట్ల కంగారు వినిపిస్తుంది తప్ప, ఏది చెడిందో వాళ్లు చెప్పలేదు. చెప్పడానికి వాళ్లకీ తెలియదు.

427 రికార్డర్ దీనికన్నా మెరుగు. అయినా రడ్డర్ ఎటు తిరిగిందో, పెడల్ ఎటు నొక్కారో అందులోనూ లేదు. 1991లో అంత చేదు అనుభవం అయ్యాక కూడా 1994లో అదే ఖాళీ ఉండిపోవడం నాకు ఇప్పటికీ జీర్ణం కాదు.

గాలి వల్ల కూలిందని ఎందుకు అనుకున్నారు?

కొలరాడో స్ప్రింగ్స్ రాకీ పర్వతాల అంచునే ఉంది. పడమటి గాలి బలంగా కొండల మీదుగా దాటినప్పుడు, అవతలి వైపు కొన్నిసార్లు అడ్డంగా దొర్లే గాలి సుడి పుడుతుంది. దాన్ని రోటర్ అంటారు. ఆ రోజు అలాంటి సుడులకి అనువైన వాతావరణమే. అంతకుముందు దిగిన విమానం కూడా వేగంలో హెచ్చుతగ్గులు వచ్చాయని చెప్పింది.

అందుకే 1992 డిసెంబర్‌లో బోర్డు ఇచ్చిన నివేదికలో రెండు అవకాశాలు రాశారు: విమానాన్ని పక్కకి తిప్పే నియంత్రణ వ్యవస్థలో లోపం, లేదా అసాధారణమైన గాలి తాకిడి. రెండింటిలో ఏదీ నిర్ధారించే ఆధారం దొరకలేదని స్పష్టంగా చెప్పారు. బోర్డు చరిత్రలో అలా కారణం ఖాళీగా వదిలేసిన పెద్ద ప్రమాదాలు చాలా అరుదు.

కూలడానికి ముందే ఆ విమానంలో ఏదైనా తేడా కనిపించిందా?

కనిపించింది. ప్రమాదానికి ముందు వారంలోనే రెండుసార్లు, ఫిబ్రవరి 25న, 27న, పైలట్లు ఏమీ చేయకుండానే రడ్డర్ కదిలినట్టు ఫిర్యాదులు నమోదయ్యాయి. మొదటిసారి యా డ్యాంపర్‌కి సంబంధించిన ఒక పరికరం మార్చారు. ఈ యా డ్యాంపర్ అనేది విమానం తోక అటూ ఇటూ ఊగకుండా రడ్డర్‌ని తనంతట తానే కొద్దికొద్దిగా సర్దే యంత్రం. రెండోసారి దాని వాల్వ్ మార్చారు. మళ్లీ విమానం తిరిగింది.

అయితే యా డ్యాంపర్ రడ్డర్‌ని కదపగలిగేది కొద్ది డిగ్రీలే. దాని వల్ల విమానం తలకిందులవదు. కాబట్టి ఆ ఫిర్యాదులనే కారణం అనడానికి వీల్లేకపోయింది.

అసలు రడ్డర్ పనేమిటి? అదంత ప్రమాదకరమా?

తోక మీద నిలువుగా ఉండే రెక్కకి వెనకాల కీలు మీద తిరిగే పలక ఉంటుంది, పడవ చుక్కానిలా. అదే రడ్డర్. పైలట్ కాళ్ల దగ్గరి పెడల్స్‌తో అది కదులుతుంది. మామూలు ప్రయాణంలో దాని అవసరం తక్కువ. పక్కగాలిలో దిగేటప్పుడు, ఒక ఇంజన్ ఆగిపోయినప్పుడు కావాలి.

737లో ఒకే రడ్డర్ పలక, దాన్ని కదిపే ప్రధాన యంత్రం కూడా ఒకటే. బోయింగ్ వారి 727లో, 747లో రడ్డర్ పైనా కిందా రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి మొరాయిస్తే రెండోది ఉంటుంది. 737కి ఆ వీలు లేదు. ఒకే యంత్రంలోని వాల్వ్‌లో లోపలొకటి బయటొకటి రెండు స్లైడ్‌లు పెట్టారు కాబట్టి, ఒకటి ఇరుక్కున్నా రెండోది పని చేస్తుందని 1960లలో ఆమోదించారు.

ఇక్కడ వేగం సంగతి చెప్పాలి. రడ్డర్ ఒక పక్కకి పూర్తిగా తిరిగి అక్కడే ఉండిపోతే విమానం ఆ పక్కకి ఒరగడం మొదలెడుతుంది. రెక్కల చివర ఉండే ఐలరాన్‌లని రెండో పక్కకి పూర్తిగా తిప్పి దాన్ని ఆపొచ్చు. కానీ ఒక వేగానికి పైన ఉంటేనే. ఆ వేగానికి దిగువన ఐలరాన్‌ల బలం చాలదు, రడ్డర్‌దే పైచేయి. దీన్ని క్రాసోవర్ వేగం అంటారు. ముక్కు పైకి లాగితే ఆ హద్దు ఇంకా పైకి జరుగుతుంది. నేల మీదికి వస్తున్నప్పుడు ముక్కు పైకి లాగడమే ఏ పైలట్‌కైనా సహజంగా వచ్చే పని.

పిట్స్‌బర్గ్‌లో ఏం జరిగింది?

427 చికాగో నుంచి వస్తోంది. సాయంత్రం ఏడు. వాతావరణం ప్రశాంతంగా ఉంది, కొండల గాలి లేదు, మబ్బుల ఇబ్బంది లేదు. ఎత్తు 6,000 అడుగులు, వేగం 190 నాట్లు, అంటే గంటకి సుమారు 350 కిలోమీటర్లు. ఆ స్థితిలో ఆ విమానం క్రాసోవర్ వేగం దాదాపు 187 నాట్లని తర్వాత తేలింది. అంటే ఆ విమానం సరిగ్గా హద్దు మీద ఎగురుతోంది. అలాంటి హద్దొకటి ఉందని అప్పట్లో పైలట్లకి ఎవరూ నేర్పలేదు.

7:02:57కి చిన్న కుదుపు. ఆ తర్వాత ఎడమకి ఒరగడం మొదలైంది. పైలట్లు వెంటనే కుడికి తిప్పారు. ఒక్క క్షణం సర్దుకున్నట్టే అనిపించి మళ్లీ ఎడమకి తిరిగిపోయింది. 28 సెకన్ల తర్వాత, గంటకి సుమారు 300 మైళ్ల వేగంతో, అలిక్విప్పా ఊరి దగ్గర హోప్‌వెల్ టౌన్‌షిప్‌లోని గుట్ట మీద పడింది. అక్కడ పని చేసిన సహాయ సిబ్బంది ఒళ్లంతా కప్పే రక్షణ సూట్లు వేసుకుని రోజుల తరబడి అవశేషాలు ఏరాల్సి వచ్చింది. దాన్ని గురించి ఇంతకన్నా రాయను.

ముందు వెళ్తున్న విమానం గాలి సుడే కూల్చిందంటారు, నిజమా?

సుడి తగిలిన మాట నిజం. నాలుగు మైళ్ల ముందు డెల్టా సంస్థ 727 ఒకటి వెళ్లింది. పెద్ద విమానాల రెక్కల చివర్ల నుంచి సుడిగాలి తోకలా వెనక్కి సాగుతుంది. దాన్నే వేక్ టర్బులెన్స్ అంటారు. 427 దాని మీదుగా వెళ్లింది.

కానీ అదే కూల్చిందా? ఊహించి వదిలేయకుండా దర్యాప్తు బృందం 1995లో ఒక ప్రయోగం చేసింది. ఒక 727 రెక్కలకి పొగ వదిలే పరికరాలు బిగించి, ఆ పొగ వల్ల సుడి కంటికి కనిపించేలా చేశారు. వెనక నుంచి ఒక 737ని పదే పదే ఆ సుడిలోకి తీసుకెళ్లారు. విమానం కదిలింది, ఒరిగింది, పైలట్ సరిచేయగానే దారికొచ్చింది. ఇంకో విషయం కూడా తెలిసింది. సుడి విమానం ఒంటికి తగిలినప్పుడు కాక్‌పిట్‌లో దబ్‌మని చప్పుడొచ్చింది. 427 వాయిస్ రికార్డర్‌లో అంతకుముందు ఎవరికీ అర్థం కాని చప్పుళ్లు అవే. కుదుపు మొదలుపెట్టింది సుడే కానీ, విమానాన్ని తిప్పేసింది ఇంకేదో అని అప్పుడు గట్టిగా తెలిసింది.

బాంబు, పక్షులు, దిగాక వేగం తగ్గించడానికి వాడే ఇంజన్ రివర్సర్ గాల్లోనే తెరుచుకోవడం, వీటన్నిటినీ ఒక్కొక్కటిగా చూసి పక్కన పెట్టారు.

పైలట్ తప్పు పెడల్ తొక్కాడనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?

అది గాలివార్త కాదు, దర్యాప్తులో ఏళ్ల తరబడి నలిగిన వాదన. విమానం కదలిక లెక్కలు చూస్తే రడ్డర్ ఎడమకి పూర్తిగా తిరిగితేనే అలా పడుతుందని తేలింది. రడ్డర్ ఎడమకి తిరగాలంటే యంత్రం చెడైనా ఉండాలి, లేదా ఎవరో ఎడమ పెడల్ నొక్కి పట్టుకుని అయినా ఉండాలి. యంత్రం చెడినట్టు ఒక్క గీత కూడా దొరకలేదు కాబట్టి, సుడికి ఉలిక్కిపడిన కో-పైలట్ పొరపాటున ఎడమ పెడల్ తొక్కి అలాగే ఉండిపోయి ఉండొచ్చని బోయింగ్ వాదించింది. విమానం తయారుచేసిన కంపెనీ తన యంత్రాన్ని సమర్థించుకోవడంలో వింత లేదు. పైలట్ల తరఫు సంఘం దాన్ని గట్టిగా వ్యతిరేకించింది.

చనిపోయిన మనిషి వచ్చి సాక్ష్యం చెప్పలేడు. అందుకని బోర్డు అతని ఊపిరినే విన్నది. వాయిస్ రికార్డర్‌లో కో-పైలట్ బలంగా మూలిగిన చప్పుళ్లు ఉన్నాయి, ఏదో కదలని దాన్ని బలమంతా పెట్టి నెడుతున్నట్టు. మాటల తీరు, శ్వాస, గొంతులో ఒత్తిడి మీద పని చేసే నిపుణులతో వాటిని పరిశీలింపజేశారు. మామూలుగా పని చేసే పెడల్‌కి అంత బలం అక్కర్లేదు. ఆ మూలుగులు, విమానం కదలిక సమయాలు పక్కపక్కన పెట్టి చూస్తే, అతను కుడి పెడల్ నొక్కుతుంటే అది ఎదురు తిరుగుతోందనే బొమ్మ వచ్చింది.

రెండు విమానాల పైలట్లూ ఒరగడాన్ని వెంటనే గుర్తించారని, సరిచేయడానికి వెంటనే ప్రయత్నించారని, కానీ అది వాళ్ల చేతిలో లేకపోయిందని బోర్డు చివరికి రాసింది. అలా రాయడానికి 427 పైలట్ల కుటుంబాలు నాలుగున్నరేళ్లు, 585 పైలట్ల కుటుంబాలు ఇంకా ఎక్కువ కాలం ఆగాల్సి వచ్చింది.

ఈస్ట్‌విండ్ 517 పేరు ఎందుకు వస్తుంది?

అది బతికొచ్చిన విమానం కాబట్టి. 1996 జూన్ 9 రాత్రి, న్యూజెర్సీలోని ట్రెంటన్ నుంచి వర్జీనియాలోని రిచ్‌మండ్‌కి 53 మందితో వస్తున్న ఈస్ట్‌విండ్ ఎయిర్‌లైన్స్ 737, సుమారు 4,000 అడుగుల ఎత్తులో ఉండగా ఉన్నట్టుండి కుడికి తిరిగింది. కెప్టెన్ ఎదురు పెడల్ నొక్కారు. మామూలుగా కదిలే పెడల్ ఆ రోజు బిగుసుకుపోయినట్టు అనిపించింది. స్టీరింగ్ పూర్తిగా రెండో పక్కకి తిప్పి, ఒక పక్క ఇంజన్ బలం పెంచి, ఎలాగో నిలబెట్టారు. కాసేపటికి దానంతట అదే సర్దుకుంది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. అందరూ క్షేమంగా దిగారు.

ఎందుకు బతికారు? వాళ్ల వేగం 250 నాట్లు. క్రాసోవర్ హద్దుకి చాలా పైన ఉన్నారు కాబట్టి ఐలరాన్‌లు నెగ్గాయి.

ఆ రోజుదాకా దర్యాప్తు బృందం చేతిలో ఉన్నవి ముక్కలూ లెక్కలూ మాత్రమే. ఇప్పుడు ఏం జరిగిందో చెప్పగల కెప్టెన్ ఉన్నారు, చెక్కుచెదరని విమానం ఉంది, విప్పి చూడ్డానికి యంత్రం ఉంది.

చివరికి లోపం ఎలా బయటపడింది?

రడ్డర్‌ని కదిపే యంత్రంలో సర్వో వాల్వ్ ఉంటుంది. చేతిలో పట్టేంత వస్తువు. ఒక గొట్టం, దాని లోపల ఒక స్లైడ్, ఆ స్లైడ్ లోపల ఇంకో స్లైడ్. పెడల్ నొక్కితే ఇవి కొద్దిగా జరుగుతాయి, వాటికున్న రంధ్రాలు ఒకదానికొకటి ఎదురై హైడ్రాలిక్ ఆయిల్ ఒక దారిన వెళ్లి రడ్డర్‌ని తోస్తుంది. స్లైడ్‌ల మధ్య సందు తల వెంట్రుక మందంలో చిన్న భాగం. నూనె కారకూడదు, స్లైడ్ ఇరుక్కోకూడదు, అందుకే అంత నేర్పుగా చేస్తారు.

427 శిథిలాల్లో దొరికిన యంత్రాన్ని ఎన్నిసార్లు పరీక్షించినా బాగానే పని చేసింది. 1996 ఆగస్టులో హైడ్రాలిక్స్ నిపుణుల సలహాతో ఒక తీవ్రమైన పరీక్ష పెట్టారు. పైన ఎత్తులో ఎముకలు కొరికే చలి ఉంటుంది. అక్కడ యంత్రం చల్లబడుతుంది. అదే సమయంలో హైడ్రాలిక్ పంపు వేడెక్కి కాగిన నూనె పంపితే? యంత్రాన్ని సున్నాకి దిగువ 40 డిగ్రీల దాకా చల్లబరిచి, దాదాపు 77 డిగ్రీల సెల్సియస్ వేడి నూనె లోపలికి వదిలారు. వేడికి లోపలి భాగం ముందు వ్యాకోచించింది, బయటి గొట్టం ఇంకా చల్లగానే ఉంది. స్లైడ్ ఇరుక్కుంది. పక్కనే అదే పరీక్ష పెట్టిన కొత్త యంత్రం ఇరుక్కోలేదు.

ఇరుక్కోవడం సరే, మరి తిరగబడటం, అంటే నొక్కిన పెడల్‌కి వ్యతిరేక దిశలో రడ్డర్ కదలడం? ఆ సంగతి పరీక్ష రోజు ఎవరి కంటా పడలేదు. కొన్ని వారాల తర్వాత బోయింగ్ ఇంజనీర్ ఒకరు ఆ పరీక్ష తాలూకు గ్రాఫ్‌లు ఒక్కొక్కటీ చూస్తుంటే, నూనె వెనక్కి వచ్చే ఒత్తిడిలో ఉండకూడని పల్లాలు కనిపించాయి. బయటి స్లైడ్ గొట్టానికి అతుక్కుపోయినప్పుడు, లోపలి స్లైడ్ ఉండాల్సిన చోటు దాటి ఇంకొంచెం ముందుకి జరుగుతోంది. అప్పుడు రంధ్రాలు తప్పు వరసలో కలుస్తున్నాయి. నూనె తప్పు దారిన పోతోంది. అంటే పైలట్ కుడి పెడల్ నొక్కితే రడ్డర్ ఎడమకి వెళ్తుంది. ఎంత గట్టిగా నొక్కితే అంతగా ఎడమకి. భయంతో బలంగా నొక్కే కొద్దీ విమానం ఇంకా చావు వైపు తిరుగుతుందన్నమాట. ఇరుకు వదిలిపోయాక వాల్వ్ మీద ఒక్క మచ్చా మిగలదు.

అది చూసింది బోయింగ్ మనిషే. పైలట్ తప్పని వాదిస్తున్న కంపెనీలోనే ఒక ఇంజనీర్ తన ముందున్న గ్రాఫ్‌ని చూసి చూడనట్టు వదిలేయలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఆ పని. కంపెనీ ఆ విషయాన్ని అధికారులకి తెలియజేసింది.

ఇలాంటి లోపం ముందే తెలిసి కూడా వదిలేశారా?

ఒక హెచ్చరిక ముందే వచ్చింది. 1992 జూలైలో చికాగో ఓ’హేర్ విమానాశ్రయంలో నేల మీద నడుస్తున్న ఒక 737లో, టేకాఫ్‌కి ముందు పెడల్స్ సరిచూస్తుంటే కెప్టెన్‌కి అది ఇరుక్కున్నట్టు తగిలింది. వెనక్కి తిప్పి యంత్రాన్ని విప్పించారు. పరీక్షిస్తే కొన్ని పరిస్థితుల్లో అది తిరగబడగలదని తేలింది. అయితే అది బయటి స్లైడ్ హద్దు దాటడం వల్ల వచ్చే వేరే రకం లోపం. 585 యంత్రంలో దాని ఆనవాళ్లు దొరకలేదు.

ఆ లోపానికి సరిచేసిన వాల్వ్‌లు అమర్చాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 1994 ఆరంభంలో ఆదేశించింది. గడువు అయిదేళ్లు ఇచ్చింది. తెలిసి వదిలేశారని అనలేం. కానీ ‘తిరగబడటం’ అనేది ఈ వాల్వ్‌కి సాధ్యమేనని ఒకసారి కళ్లముందు కనిపించాక, ఇంకే దారిలో అది జరగొచ్చో అప్పుడే గట్టిగా వెతికి ఉండాల్సింది.

చివరి నివేదిక ఏమంది? పూర్తిగా రుజువైనట్టేనా?

1999 మార్చి 24న, ప్రమాదం జరిగిన నాలుగున్నరేళ్లకి, 427 మీద నివేదిక ఆమోదించారు. అప్పటికి బోర్డు చేసిన దర్యాప్తుల్లో అంత కాలం సాగింది ఇంకోటి లేదు. వాల్వ్ ఇరుక్కుని, రడ్డర్ పైలట్లు కోరిన దానికి వ్యతిరేక దిశలో తిరగడం వల్ల నియంత్రణ తప్పిందని తేల్చారు. 2001 మార్చిలో 585 నివేదికని మళ్లీ తెరిచి, పాత ఖాళీ చోట అదే కారణం రాశారు.

‘చాలావరకు ఇలాగే జరిగి ఉంటుంది’ అనే అర్థంలోనే రాశారు. వాల్వ్ మీద గుర్తు లేదు కాబట్టి కోర్టు భాషలో రుజువు అనేది ఎప్పటికీ దొరకదు. అయినా మూడు విమానాల కదలికల్నీ ఒకే లోపంతో లెక్కగడితే మూడూ సరిపోయాయి. నా దృష్టిలో అది చాలు. బోయింగ్ ఆ తీర్పుతో పూర్తిగా ఏకీభవించలేదు, కానీ రడ్డర్ మార్చడానికి ఒప్పుకుంది.

మరి 737లని ఎగరనివ్వకుండా ఎందుకు ఆపలేదు?

అప్పటికి ప్రపంచమంతా వేల 737లు తిరుగుతున్నాయి, లోపం అత్యంత అరుదు, నిర్ధారణ ఇంకా కాలేదు. అందుకని ఆపకుండా, మధ్యలో జాగ్రత్తలు తీసుకున్నారు. రడ్డర్ ఇరుక్కుంటే ఏం చేయాలో పైలట్లకి పద్ధతి రాసిచ్చారు: ముక్కు కిందికి దించి వేగం పెంచాలి. దిగేటప్పటి కనీస వేగాన్ని కొన్ని సంస్థలు పెంచాయి. తలకిందులైన విమానాన్ని ఎలా నిలబెట్టాలో సిమ్యులేటర్‌లో నేర్పడం మొదలైంది.

2002లో ఎఫ్‌ఏఏ, 737లన్నిటికీ కొత్త రడ్డర్ నియంత్రణ వ్యవస్థ అమర్చాలని ఆదేశించింది. గడువు 2008 నవంబర్. ఒకదాంట్లో ఒకటి దూరే స్లైడ్‌లు పోయి, వేర్వేరుగా పని చేసే రెండు వాల్వ్‌లు వచ్చాయి. ఖర్చు బోయింగ్ భరించింది. 1991 నుంచి లెక్కిస్తే పదిహేడేళ్లు. ఆలస్యమేనని నా అభిప్రాయం.

ఇప్పుడు నేను ఎక్కే 737లో ఈ భయం ఉందా? మ్యాక్స్ ప్రమాదాలూ ఇదేనా?

ఆ వాల్వ్ ఇప్పటి ప్రయాణికుల విమానాల్లో లేదు, ఈ విషయంలో టెన్షన్ అక్కర్లేదు. 2018, 2019లలో ఇండోనేషియా, ఇథియోపియాలలో 346 మందిని బలిగొన్న 737 మ్యాక్స్ ప్రమాదాలు వేరే. అవి పైకి లేచిన కొద్ది నిమిషాల్లో జరిగినవి, ముక్కుని కిందికి నెట్టే సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చినవి. ఒక్క పోలిక మాత్రం ఉంది. అప్పుడు కూడా మొదట్లో పైలట్ల నేర్పు మీదే వేలెత్తి చూపించారు.

మన దేశంలో కూలిన 737లకి కూడా ఇదే కారణమా?

కాదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్, తర్వాత అలయన్స్ ఎయిర్ చాలా ఏళ్లు 737-200లు నడిపాయి. మన బేగంపేట నుంచి వాటిలో ప్రయాణించిన వాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. 1991 ఆగస్టులో ఇంఫాల్‌లో దిగబోతూ 69 మందితో కూలిన విమానం కొండని ఢీకొంది. 2000 జూలైలో పట్నాలో దిగబోతూ ఇళ్ల మీద పడి 60 మందిని బలిగొన్న విమానం, తక్కువ వేగంలో, తక్కువ ఎత్తులో చుట్టు తిరగబోయి పట్టు తప్పింది.

1994 మార్చిలో ఢిల్లీలో కూలిన సహారా విమాన సంస్థ శిక్షణ విమానంలో రడ్డర్ పాత్ర ఉంది, కానీ యంత్రం తప్పు కాదు. శిక్షణలో ఉన్న పైలట్ తప్పు పెడల్ నొక్కాడని దర్యాప్తు తేల్చింది. కాబట్టి తప్పు పెడల్ నొక్కడం అసాధ్యమని ఎవరూ అనరు. ఏ ప్రమాదానికి ఆ ప్రమాదం విడిగా ఆధారాలతో తేలాలి, అంతే.

ఈ ప్రమాదాల తర్వాత ప్రయాణికులకి, కుటుంబాలకి ఏమైనా మారిందా?

రెండు పెద్ద మార్పులు. 1997లో ఎఫ్‌ఏఏ రికార్డర్ల నియమాలు మార్చింది. 2002 ఆగస్టు తర్వాత తయారైన పెద్ద విమానాల్లో 88 అంశాలు రికార్డు కావాలి. రడ్డర్, పెడల్ కదలికలు వాటిలో ఉన్నాయి.

రెండోది, 427 మృతుల కుటుంబాలు సాధించుకున్నది. తమ వాళ్లు విమానంలో ఉన్నారా లేదా అని తెలుసుకోవడానికే వాళ్లు గంటల తరబడి ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. అవశేషాల విషయంలోనూ తమకి సరిగ్గా చెప్పలేదని బాధపడ్డారు. వాళ్లు, ఇంకొన్ని ప్రమాదాల బాధిత కుటుంబాలు కలిసి అడగ్గా అడగ్గా 1996 అక్టోబర్‌లో అమెరికాలో విమాన ప్రమాద కుటుంబాల సహాయ చట్టం వచ్చింది. సమాచారం ఎవరివ్వాలి, కుటుంబాలకి అండగా ఎవరుండాలి అనేది అప్పటి నుంచి చట్టంలో రాసి ఉంది.

దర్యాప్తు నివేదికని మామూలు పాఠకులు ఎలా చదవాలి?

అంతర్జాతీయ నియమం ప్రకారం 30 రోజుల్లో వచ్చేది ప్రాథమిక నివేదిక. అందులో జరిగిన సంగతులుంటాయి, కారణం ఉండదు. దాంట్లోని ఒక్క వాక్యం పట్టుకుని తీర్పు చెప్పేవాళ్లని నమ్మొద్దు. తుది నివేదికకి ఏడాది లక్ష్యం, తరచూ అంతకన్నా ఎక్కువే పడుతుంది.

తుది నివేదిక చేతికొచ్చాక నేరుగా చివరి పేజీలోని కారణానికి వెళ్లకండి. ముందు డేటా రికార్డర్ విభాగం తెరిచి, ఏ అంశాలు రికార్డయ్యాయో, ఏవి కాలేదో చూడండి. తర్వాత పరీక్షల విభాగం. ఏ అనుమానాన్ని ఏ పరీక్షతో పక్కన పెట్టారో అక్కడుంటుంది. ఆ రెండూ చదివితే కారణం ఎంత గట్టిదో మీకే అర్థమవుతుంది. 585 మీద 1992లో రాసిన నివేదిక, 2001లో సవరించినది, రెండూ ఎన్‌టీఎస్‌బీ అందరికీ అందుబాటులో ఉంచింది. ఓపిక ఉంటే రెండింటినీ ఆ వరసలోనే చదవండి.